దొరికిన ప్రతి కుక్కా దిక్కులేనిది కాదు

రోడ్డు మీద దొరికిన కుక్కను కాపాడి, వైద్యం చేయించి, కొత్త ఇంటికి అప్పగించే బృందాలు ఇప్పుడు నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్, జడ్చర్ల వంటి పట్టణాల్లోనూ పనిచేస్తున్నాయి. చదువులు, ఉద్యోగాలు చేసుకుంటూనే సాయంత్రాలను ఈ పనికి కేటాయించే యువతీయువకులే వాటిని ఎక్కువగా నడుపుతున్నారు. లారీ తగిలి నడుము విరిగిన కుక్కను పశువుల దవాఖాన అరుగు మీద పడుకోబెట్టుకొని, డాక్టరు వచ్చేదాకా రాత్రంతా కూర్చున్నవాళ్లను నేను ఎరుగుదును. కనుక వాళ్ల సేవను చులకన చేయడం నా ఉద్దేశం కాదు. అయితే ఆ బృందాల్లో కొన్నింటికి ఒక అలవాటు పడిపోతోంది. దొరికిన కుక్కకు యజమాని ఉన్నాడా అని వెతకడం పక్కనపెట్టి, ఉంటే అతడు దాన్ని పెంచడానికి తగినవాడా కాదా అనే తీర్పు ముందే చెప్పేస్తున్నారు. కుక్కను కాపాడినవారు దానికి కాపలాదారులే తప్ప హక్కుదారులు కారని, యజమానిని వెతకడమే వాళ్ల మొదటి బాధ్యత అని, పేదరికాన్ని క్రూరత్వం కింద జమకట్టకూడదని నా వాదన.

ఒక కుక్కను ఎవరో వదిలేశారని తేల్చడానికి వాలంటీర్లు చూసే గుర్తులు నాలుగైదు ఉంటాయి. మెడకు బెల్టు ఉండదు, పక్కటెముకలు లెక్కపెట్టేలా ఉంటాయి, చెవుల్లో గోమార్లు పట్టి ఉంటాయి, ఒంటి మీద పాత గాయాల మచ్చలు కనిపిస్తాయి. హైదరాబాదులో ఏ గేటెడ్ కమ్యూనిటీ పక్కనో ఇలాంటి కుక్క, అందులోనూ జాతి కుక్క, కనిపిస్తే ఎవరో వదిలించుకొని పోయారని అనుకోవడంలో తప్పు లేదు. మన దగ్గర మాత్రం పెంపుడు కుక్క కూడా అచ్చం ఇలాగే ఉంటుంది. వేరుశనగ చేను దగ్గర అడవి పందులను తరిమే కుక్కకు బెల్టు కట్టడానికి చాలామంది ఇష్టపడరు, కంపలో చిక్కుకుంటే అదే ఉరి అవుతుందని భయం. అది తినేది ఇంటివాళ్లు తినగా మిగిలిన గట్కో, జొన్న రొట్టె ముక్కో, చల్ల పోసిన అన్నమో. దాని పక్కటెముకలు కనిపిస్తున్నాయంటే చాలాసార్లు దాని యజమానివి కూడా కనిపిస్తూనే ఉంటాయి.

అన్నిటికంటే ఎక్కువ పొరపాట్లు జరిగేది గొర్ల మందల కుక్కల విషయంలో. పాలమూరు వైపు గొల్లకురుమలు మేత కరువైనప్పుడు మందలను తోలుకొని కృష్ణా ఆయకట్టుకు వస్తారు. నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద వరి కోతలు అయిపోగానే హాలియా, మిర్యాలగూడ పరిసరాల్లో రైతులు తమ పొలాల్లో రాత్రిపూట మంద పెట్టించుకుంటారు. పొలానికి ఎరువు, కాపరికి ఇన్ని గింజలో రూపాయలో దొరుకుతాయి. మందతో పాటు కుక్కలూ నడుస్తాయి. తెల్లవారుజామున మంద రోడ్డు దాటి కదిలిపోతున్నప్పుడు ఒక కుక్క వెనుకబడుతుంది, లేదా ఊరకుక్కలు తరిమితే దారి తప్పుతుంది, లేదా బండి తగిలి గట్టున పడిపోతుంది. కారులో పోయేవాళ్లకు అది కుంటుతున్న బక్క కుక్క. కాపరికి అది రాత్రి కాస్త కన్ను మూసే ధైర్యం. అతను మాపటికి మందను దొడ్డిలో తోలి, కుక్క రాలేదని చూసుకొని వెనక్కి వచ్చేసరికి, అది ఎక్కడో ఒక షెడ్డులో కొత్త పేరు పెట్టించుకొని, ఇన్‌స్టాగ్రామ్‌లో కొత్త ఇంటి కోసం ఎదురుచూస్తూ ఉంటుంది.

వలస కుటుంబాల కుక్కలదీ దాదాపు ఇదే పరిస్థితి. ముంబైకో పుణెకో పనికి పోయే కుటుంబం ఇంటినీ కుక్కనూ ముసలమ్మకు అప్పగించి పోతుంది. ఆమె కూతురి ఊరికి నాలుగు రోజులు పోతే కుక్క తిండి కోసం బస్టాండు దాకా తిరుగుతుంది. దానికి యజమాని లేడని ఎవరూ అనలేరు, యజమాని ఊళ్లో లేడని మాత్రమే అనగలరు.

నేను కళ్లారా చూసిన ఒక సంగతి ఇక్కడ చెప్పాలి. పాత గోనెసంచులు ఇద్దామని ఒక బృందం షెడ్డుకు వెళ్లిన రోజున ఒక కాపరి అక్కడికి వచ్చాడు. అరవై దాటి ఉంటాయి. భుజాన గొంగడి, చేతిలో కట్టె, జేబులో బటన్ ఫోను. రోడ్డు మీద చాయ్ హోటలాయన చెప్తే వెతుక్కుంటూ వచ్చానన్నాడు. షెడ్డు చూసుకునే అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది. "కుక్క ఫొటో ఏమన్నా ఉందా కాకా? సూదులు వేయించిన కార్డు ఉందా?" అని అడిగింది. "గొర్లకు ఏయించిన బిడ్డా, దీనికి ఎవలేస్తరు?" అన్నాడాయన. ఆ తరువాత తనకు తెలిసిన ఆనవాలు చెప్పాడు: "ఎనక కుడి తొడ మీద రెండు వాతలుంటయి సూడు. నిరుడు కాలు వడిపోతే నేనే పెట్టిన." ఆ అమ్మాయి ముఖం మారిపోయింది. ఎందుకంటే ఆ రెండు వాతలనే ఫొటో తీసి, కుక్కను కాల్చి హింసించారని వాళ్లు అంతకు ముందే పోస్టు పెట్టి ఉన్నారు. ఇద్దరూ మాట్లాడుకుంటుండగానే, నాలుక చప్పుడు ఒకటి విని, మంచం కింద నుంచి కుక్క కట్టు కట్టిన కాలు ఈడ్చుకుంటూ వచ్చి, ఆయన కింద పెట్టిన గొంగడి మీద పడుకుంది. ఆయన దాని తల నిమరలేదు, ముద్దు చేయలేదు. కట్టు వైపు చూసి, "ఎముక ఇరిగిందా, బెణికిందా?" అని మాత్రం అడిగాడు.

కుక్కను ఆయనకు ఇవ్వలేదు. హైదరాబాదులో ఒక కుటుంబానికి మాట ఇచ్చేశామని, పైగా వాత పెట్టినవాడికి తిరిగి ఎలా ఇస్తామని వాళ్ల వాదన. మంద ఒకచోట ఆగదు కాబట్టి ఆయన పోట్లాడుతూ కూర్చోలేకపోయాడు.

వాత పెట్టడం తప్పే. దానివల్ల నొప్పి తప్ప ప్రయోజనం లేదు, పుండు పడితే ప్రాణం మీదికి వస్తుంది, ఆ మాట ఆ కాపరికి గట్టిగానే చెప్పాలి. కానీ కాలు పడిపోయిన పశువుకు వాత పెట్టడం ఈ ప్రాంతంలో పాతకాలపు నాటు వైద్యం. ఎద్దుకు పెట్టారు, గొర్రెకు పెట్టారు, కామెర్లొస్తే మనుషులకూ పెట్టారు. తనకు తెలిసిన వైద్యం చేసినవాడిని, సరదాకు సిగరెట్టుతో కాల్చినవాడిని ఒకే గాటన కట్టడం న్యాయం కాదు. ఆ రెండు మచ్చలు ఆయన దృష్టిలో కుక్క తనదే అనడానికి రుజువు, ఆ అమ్మాయి దృష్టిలో కుక్క ఆయనకు దక్కకూడదనడానికి రుజువు. ఎవరి మాట చెల్లాలో ఆ షెడ్డులో కూర్చున్నవాళ్లే నిర్ణయించారు. అసలు చిక్కు అక్కడే ఉంది.

వాళ్ల వాదనలో బలమైన భాగం ఒకటుంది, దాన్ని దాటవేయకూడదు. ఆ కాపరి కుక్కను మళ్లీ రోడ్డు పక్కనే నడిపిస్తాడు, దానికి మళ్లీ బండి తగలవచ్చు, ఈసారి చచ్చిపోవచ్చు. హైదరాబాదు ఇంట్లో అది ఏసీ గదిలో, సమయానికి టీకాలతో, ఎక్కువ కాలం బతుకుతుంది. ఇది నిజమే కావచ్చు. అయితే ఇదే తర్కాన్ని కొంచెం సాగదీస్తే, మెరుగైన ఇల్లు ఉన్న ప్రతివాడూ మెరుగులేని ఇంటి నుంచి కుక్కను తీసుకుపోవచ్చు. యజమాని దగ్గర ఉండగా అతని కుక్కను తీసుకుపోతే దొంగతనం అంటాం. దారి తప్పిన రోజున తీసుకుపోతే అది సేవ ఎలా అవుతుంది? కుక్క దారి తప్పడం వల్ల యజమాని హక్కులో మార్పేమీ రాలేదు, దాన్ని కాపాడుకునే అవకాశం మాత్రమే అతని చేజారింది. ఇక కుక్క వైపు నుంచి చూసినా, మందతో రోజుకు ఎన్నో మైళ్లు నడిచి, రాత్రి తోడేళ్లకు, దొంగలకు ఎదురు నిలిచిన జంతువుకు మూడో అంతస్తు బాల్కనీ సుఖమో కాదో మనం అంత ధీమాగా చెప్పలేం.

చట్టం ఈ విషయంలో మనం అనుకున్నదానికంటే స్పష్టంగా ఉంది. చట్టం దృష్టిలో పెంపుడు కుక్క చరాస్తి. ఈ మాట జంతు ప్రేమికులకు నచ్చదు, నాకూ అంతగా నచ్చదు, కానీ యజమానికి రక్షణ దొరికేది ఈ మాట నుంచే. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 314వ సెక్షన్, అంతకు ముందు శిక్షాస్మృతిలోని 403వ సెక్షన్, దొరికిన వస్తువు గురించి ఒకే మాట చెప్తాయి. యజమానికి తిరిగి ఇవ్వాలనో కాపాడాలనో తీసుకున్నవాడిది నేరం కాదు. యజమాని ఎవరో తెలిసినా, తెలుసుకునే మార్గం ఉన్నా సొంతం చేసుకుంటే నేరం. యజమానిని కనుక్కోవడానికి తగిన ప్రయత్నం చేయకుండా, అతను వచ్చి అడగడానికి తగినంత కాలం ఆగకుండా సొంతం చేసుకున్నా నేరమే. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 71వ సెక్షన్ ప్రకారం, దొరికిన వస్తువును చేతిలోకి తీసుకున్నవాడికి అప్పగింత మీద సొమ్ము ఉంచుకున్నవాడి బాధ్యతలే ఉంటాయి. అదే చట్టం 168వ సెక్షన్ దొరికించుకున్నవాడి పక్షాన కూడా ఒక మాట చెప్తుంది: వస్తువును కాపాడడానికి, యజమానిని కనుక్కోవడానికి పెట్టిన ఖర్చు కోసం దావా వేయలేకపోయినా, ఆ ఖర్చు చేతికి వచ్చేదాకా వస్తువును తన దగ్గర ఉంచుకోవచ్చు. వైద్యం బిల్లు కట్టందే కుక్కను ఇవ్వమనే బృందాలకు ఈ సెక్షన్ ఆసరా అవుతుంది. కానీ యజమానిని కనుక్కోవడానికి పెట్టే ఖర్చును కూడా అందులోనే చేర్చారని వాళ్లు గమనించాలి. దొరికించుకున్నవాడు వెతుకుతాడని చట్టం ముందే అనుకుంది. వెతకడానికి పైసా ఖర్చుపెట్టనివాళ్లు వైద్యం బిల్లు చేతపట్టుకొని కుక్కను ఆపడం నాకు సబబుగా తోచదు. ఆ బిల్లును దాతలు అప్పటికే కట్టి ఉంటే మరీ అన్యాయం.

మన పల్లెలకు ఈ పద్ధతి కొత్తది కూడా కాదు. బందెలదొడ్డి గుర్తున్నవాళ్లు ఇంకా ఉన్నారు. పరాయి చేలో పడిన పశువును తోలుకొచ్చి దొడ్డిలో కట్టేవారు, యజమాని జరిమానా కట్టి విడిపించుకునేవాడు. బ్రిటిష్ ఇండియాలో 1871లో చేసిన పశువుల చట్టం దీనికి గడువులు కూడా పెట్టింది. ఏడు రోజుల్లో ఎవరూ రాకపోతే పోలీసు ఠాణాలో నోటీసు అంటించాలి, పశువు దొరికిన చోటికి దగ్గరి ఊళ్లో, సంతలో డప్పు చాటింపు వేయించాలి, ఆ తరువాత మరో ఏడు రోజులు ఆగి అప్పుడు వేలం వేయాలి. నిజాం ఏలుబడిలోని మన ఊళ్లకు ఆ చట్టం నేరుగా వర్తించకపోయినా, బందెలదొడ్డి ఇక్కడా ఉండేది. చేను మేసి నష్టం చేసిన పశువుకే అంత గడువు ఇచ్చారు. ఎవరికీ ఏ నష్టమూ చేయని కుక్క విషయంలో మూడో రోజునే దత్తత పోస్టు పెట్టడానికి తొందరేమిటో నాకు అర్థం కాదు.

ఈ తగాదా మన దగ్గరే పుట్టింది కాదు. 2005 ఆగస్టులో కత్రీనా తుఫాను అమెరికాలోని న్యూ ఆర్లీన్స్ నగరాన్ని ముంచేసినప్పుడు, తరలించే బస్సుల్లోకి, శిబిరాల్లోకి పెంపుడు జంతువులను రానివ్వకపోవడంతో ఎందరో వాటిని ఇళ్లలోనే వదిలి పోవలసి వచ్చింది. స్వచ్ఛంద బృందాలు పడవల్లో వెళ్లి వేలాది జంతువులను కాపాడి, దూర రాష్ట్రాల షెల్టర్లకు పంపాయి. అక్కడి నుంచి అవి కొత్త ఇళ్లకు చేరాయి. నెలల తరువాత పాత యజమానులు, వాళ్లలో చాలామంది ఇల్లూ వాకిలీ పోగొట్టుకున్న పేదవాళ్లు, తమ కుక్కలను వెతుక్కుంటూ వస్తే కొందరు తిరిగి ఇవ్వడానికి నిరాకరించారు. నీళ్లలో వదిలి పోయినవాళ్లకు మళ్లీ ఎందుకివ్వాలి, ఇప్పుడు ఇంతకంటే బాగా చూసుకుంటున్నాం అన్నవే అక్కడా వినిపించిన మాటలు. వ్యవహారాలు కోర్టులకెక్కాయి. మరుసటి ఏడాది, 2006లో, విపత్తు ప్రణాళికల్లో పెంపుడు జంతువుల తరలింపునూ చేర్చాలని చట్టం చేశారు. వాటిని ఎవరు వదిలేశారు అనే ప్రశ్నకు, మనుషుల చేత వాటిని వదిలించింది ఎవరు అనే ప్రశ్నతోనే జవాబు వెతకాల్సి వచ్చింది. మేత లేక మంద తోలుకొని వచ్చినవాడి విషయంలో, పని లేక ముంబై పోయినవాడి విషయంలో మనమూ ఆ రెండో ప్రశ్న అడగాలి.

దత్తత కంటే ముందే జరిగిపోయే పని ఇంకొకటి ఉంది, సంతాన నిరోధక శస్త్రచికిత్స. వీధి కుక్కల విషయంలో 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనలు సరైన దారి చూపాయి: పట్టుకోవాలి, శస్త్రచికిత్స చేసి రేబీస్ టీకా వేయాలి, చెవికి గుర్తు పెట్టి, పట్టుకున్న చోటనే వదలాలి. పెంపుడు కుక్క విషయంలో ఆ బాధ్యతను యజమాని మీద పెట్టాయి. దొరికిన కుక్క ఏ కోవకు చెందిందో తేలకముందే ఆపరేషన్ చేసేస్తే, తిరిగి మార్చలేని నిర్ణయం ఇంకొకరి తరఫున తీసుకున్నట్టే. మంచి కాపలా కుక్క సంతతిని కాపరులు జాగ్రత్తగా చూసుకుంటారు. నేను ఈ శస్త్రచికిత్సకు వ్యతిరేకిని కాను, మన ఊళ్లలో అది ఇంకా చాలా జరగాలి. ప్రాణాపాయం లేని ఏ పనికైనా పదిహేను రోజులు ఆగవచ్చని మాత్రమే అంటున్నాను. చెవికి గుర్తున్న వీధికుక్కను దేవరకొండలో ఎత్తుకొని హైదరాబాదులో దత్తత ఇచ్చేవాళ్లూ ఉన్నారు. ఆ గల్లీలో రోజూ దానికి అన్నం పెట్టే మనిషిని ఒక్క మాట అడిగితే వాళ్ల సొమ్మేం పోయింది?

నిజంగా క్రూరుడైన యజమాని ఎదురైతే ఏం చేయాలన్నది కష్టమైన ప్రశ్న. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం మొదటి నేరానికి వేసే జరిమానా పది రూపాయల నుంచి యాభై రూపాయలు. ఆ యాభై రూపాయల కోసం ఠాణా చుట్టూ తిరిగి విసిగిపోయిన వాలంటీరు, ఇక చట్టంతో పనేమిటి, కుక్కను దాచేద్దాం అనుకుంటే ఆ విసుగు నాకు అర్థమవుతుంది. 2024 ఫిబ్రవరిలో మహబూబ్‌నగర్ జిల్లా అడ్డాకుల మండలం పొన్నకల్‌లో ఇరవై దాకా వీధికుక్కలను తుపాకీతో కాల్చి చంపిన తరువాత, ఊళ్లోకి కుక్కను తిరిగి పంపడమంటేనే వాళ్లు భయపడుతున్నారు. కానీ ఆ ఘటనలో కారణంగా పోలీసులు చెప్పింది ఏమిటి? తమ పెంపుడు కుక్కను వీధికుక్కలు చంపాయన్న పగ. అంటే ఒక కుక్కను ప్రేమగా పెంచడం, ఫొటోలు తీసుకోవడం, టీకా కార్డు దాచుకోవడం ఇంకో జంతువు పట్ల దయకు హామీ కాదు. షెడ్డులో అడిగిన ఫొటో, కార్డు పరీక్షలో అలాంటివాళ్లు నెగ్గేవారు, ఆ కాపరి తప్పేవాడు. హింస జరిగిందని నమ్మితే డాక్టరు చేత రాయించి ఫిర్యాదు చేయాలి. నేరం రుజువైతే జంతువును యజమాని నుంచి తప్పించే అధికారం అదే చట్టం 29వ సెక్షన్ కోర్టుకు ఇచ్చింది. జంతువును చంపినా, అవిటిది చేసినా న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా జైలు శిక్ష పడవచ్చు. ఈ దారి నెమ్మదిదే, కానీ ఇందులో రెండో పక్షం మాట కూడా ఎవరో ఒకరు వింటారు.

దొంగ యజమానుల బెడద లేకపోలేదు. ల్యాబ్రడారో పగ్గో దొరికిందని పోస్టు పెడితే మాదంటే మాదని పదిమంది ఫోను చేస్తారు. అందుకే ఫొటోలో అన్నీ చూపించకుండా ఒక ఆనవాలు దాచుకోవాలి, వచ్చినవాణ్ని దాని గురించి అడగాలి, పిలిస్తే కుక్క ఎలా స్పందిస్తుందో చూడాలి. కాగితాలు లేనివాడికి ఊరే సాక్ష్యం: మంద పెట్టించుకున్న రైతు, కిరాణా కొట్టాయన, వార్డు మెంబరు. ఒక్క ఫోనుతో తేలిపోయే విషయానికి ఫొటో లేదని వెనక్కి పంపడం ఏం న్యాయం? మైక్రోచిప్ ఉంటే చాలు అనేవాళ్లున్నారు. బియ్యపు గింజంత ఆ చిప్‌లో పదిహేను అంకెల సంఖ్య తప్ప మరేమీ ఉండదు. దాన్ని చదివే స్కానరు దవాఖానలో ఉండాలి, ఆ సంఖ్య ఎవరిదో చెప్పే పట్టిక ఎక్కడో ఉండాలి. మందల కుక్కలకు అది ఇప్పట్లో అందేది కాదు. తేలిగ్గా తెగిపోయే పల్చని గుడ్డ పట్టీ మీద చెరగని ఇంకుతో ఫోను నంబరు రాసి కట్టడం ఇంతకంటే మేలు. కంపలో తగులుకున్నా పట్టీయే తెగుతుంది, ప్రాణం పోదు.

వెతకడమంటే ఇంగ్లిషు పోస్టరు తయారుచేసి ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టడం కాదు. కుక్కను పోగొట్టుకున్నవాడు అక్కడ ఉండడు. అతను ఉండేది చాయ్ హోటలు దగ్గర, పాల కేంద్రం దగ్గర, పశువుల దవాఖాన దగ్గర, మాపటిపూట కల్లు కాంపౌండులో. (కల్లు కాంపౌండులో ఒకరి చెవిన వేసిన మాట తెల్లారేసరికి మండలం దాటుతుంది, ఏ పోస్టుకూ అంత వేగం లేదు.) కుక్క దొరికిన చోటికి రెండు వైపులా ఉన్న ఊళ్లలో పంచాయతీ మైకులో చెప్పించాలి, మందలు దిగిన పొలాల్లో అడగాలి. యజమాని దొరికితే, కుక్కతో పాటు రేబీస్ టీకా వేయించిన కార్డు చేతిలో పెట్టి, ఏటా వేయించమని చెప్పి పంపాలి. ఆ బాధ్యత తప్పించుకునే హక్కు ఏ యజమానికీ లేదు, కాపరి అయినా కలెక్టరు అయినా. మొదటిసారి ఉచితంగా వేసి ఇస్తే రెండోసారి అతనే తోలుకొస్తాడు.

అన్నీ సరిగ్గా చేసినా, దత్తత అయిపోయిన తరువాత యజమాని వస్తే? ఇక్కడ కొత్త ఇంటివాళ్ల ప్రేమ కూడా నిజమే, వాళ్ల పిల్లలు ఏడ్వడమూ నిజమే. బృందం వెతికిన తీరునే గీటురాయిగా పెట్టుకోవాలని నాకనిపిస్తుంది. పైన చెప్పినట్టు వెతికి, పదిహేను రోజులు ఆగి, అందుకు రాతపూర్వక ఆధారం చూపగలిగితే కుక్క కొత్త ఇంట్లోనే ఉండవచ్చు, పాత యజమానికి కనీసం చూసి వచ్చే వీలు కల్పించాలి. అలా వెతకకుండా ఇచ్చి ఉంటే కుక్క తిరిగి రావలసిందే, ఆ ఏడుపుకు జవాబు చెప్పుకోవలసింది బృందమే. దత్తత పత్రంలోనే ఈ షరతు రాయాలని నాకు తెలిసిన ఒకరిద్దరు వాలంటీర్లతో అన్నాను. అలా రాస్తే దత్తతకు ఎవరూ ముందుకు రారని ఒకరు కొట్టిపారేశారు. ఇంకొకరు మాత్రం, ఆ షరతు ఎంతకాలం ఉండాలి అన్నా, అని అడిగారు. ఆరు నెలలు ఉండాలన్నాను. మేత కోసం పోయిన మంద సొంత ఊరికి తిరిగి చేరి, కాపరికి మళ్లీ ఇటు వచ్చి అడిగే తీరిక దొరకాలంటే ఆమాత్రం గడువు కావాలి.